శుభలేఖలో బొడోని గీతలు మాయం: నా సమాధానం

శుభలేఖ ఇంగ్లీషు వైపు పేర్లన్నీ చేతిరాతలా ఉండే స్క్రిప్ట్ ఫాంటులో అన్నీ పెద్ద అక్షరాలతో (క్యాపిటల్స్) పెడితే చదవలేకపోతున్నామనీ, వేదిక వివరాలు బొడోని అనే ఫాంటులో 7 పాయింట్ల సైజుకు దించితే ప్రూఫులో సన్న గీతలు ఎగిరిపోయాయనీ అన్నారు కదా. బహుశా ప్రెస్ వాళ్ల తప్పేం ఉండదండీ.

బొడోని అందమంతా ఆ వెంట్రుకలాంటి గీతల్లోనే ఉంది. ఇటలీలోని పార్మాలో డ్యూక్ గారి ముద్రణాలయం నడిపిన జాంబతిస్తా బొడోని (1740–1813) ఒక్కో సైజుకి అక్షరాలు విడిగా చెక్కించేవాడు. ఇప్పుడు చాలా ఫాంట్లలో ఒకే బొమ్మని పెంచి తగ్గిస్తారు. సైజు తగ్గితే గీతా సన్నబడుతుంది, అంతే. ఉచితంగా దొరికే బొడోని మోడా ఫాంటులో సైజుని బట్టి గీత మందం మారే ఏర్పాటుంది, అది చూడండి. నన్నడిగితే లిబ్రె బాస్కర్‌విల్ మేలు. 18వ శతాబ్దపు బర్మింగ్‌హామ్‌లో చేతిరాత నేర్పి, సమాధి రాళ్ల మీద అక్షరాలు చెక్కిన జాన్ బాస్కర్‌విల్ పేరుమీదిది. సన్న, మందం తేడా తక్కువ కాబట్టి చిన్న సైజులో నిలబడుతుంది.

ఇక పేర్లు. స్నెల్ రౌండ్‌హ్యాండ్‌ అనే స్క్రిప్ట్ ఫాంటు లండన్ రాత గురువు చార్లెస్ స్నెల్ చేతిరాతని చూసి 1960లలో ఫాంట్లు రూపొందించే మాథ్యూ కార్టర్ గీసినది. ఇలాంటి ఫాంట్లలో పెద్ద అక్షరం మాట మొదట్లో వయ్యారం పోవడానికే. వరుసగా పెడితే తీగలన్నీ చిక్కుపడతాయి. మొదటి అక్షరం ఒక్కటే పెద్దది ఉంచండి, అక్షరాల మధ్య అదనంగా పెట్టే దూరం సున్నా చేయండి, లేకపోతే కలుపు గీతలు తెగుతాయి.