హాయిస్ట్‌ను ఒక్కరే నడపమంటే ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: నేను ఇంగ్లండ్‌లో ఒక కేర్ హోమ్‌లో పని చేస్తున్నాను. పక్షవాతం వచ్చిన ఒక పెద్దావిడను హాయిస్ట్‌తో (మనిషిని పైకెత్తి మార్చే యంత్రంతో) మంచం మీది నుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు ఇద్దరుండాలని ఆమె కేర్ ప్లాన్‌లో ఉంది. అయినా మనుషులు చాలరంటూ మేనేజర్ నన్నొక్కదాన్నే చేయమంటున్నారు. ఆవిడను అందులో కూర్చోబెట్టి ఎత్తే గుడ్డ పట్టీ, అదే స్లింగ్, దాని కుట్లు కూడా ఊడుతున్నాయి. కాదంటే వీసా స్పాన్సర్‌షిప్ పోతుందేమోనని భయం. జరగరానిది జరిగితే బాధ్యత ఎవరిది?
— ఒక పాఠకురాలు, బర్మింగ్‌హామ్

జవాబు: అమ్మా, ముందుగా ఆ స్లింగ్‌ను వాడటం ఈ షిఫ్టు నుంచే ఆపేయండి. మనిషిని పైకి లేపాక ఒక్క పట్టీ తెగినా బరువంతా ఒక పక్కకు ఒరిగి ఆవిడ నేల మీద పడిపోతారు. ఆ వయసులో తుంటి విరిగితే కోలుకోవడం చాలా కష్టం. ఇద్దరుండాలన్నది కాగితం కోసం పెట్టిన నియమం కాదు. ఒకరు రిమోట్ నొక్కుతుంటే రెండోవారు ఆవిడ తల, కాళ్లు దేనికీ తగలకుండా, శరీరం ముందుకు జారకుండా చూసుకోవాలి. ఒక్కరే ఉంటే ఈ రెండింటిలో ఒకటి వదిలేయక తప్పదు.

బ్రిటన్‌లోని 1974 నాటి ఆరోగ్య, భద్రతా చట్టం ప్రకారం ప్రధాన బాధ్యత యాజమాన్యానిదే. మనుషులను ఎత్తే పరికరాలను, స్లింగులతో సహా, సాధారణంగా 6 నెలలకొకసారి నిపుణులతో క్షుణ్ణంగా పరీక్ష చేయించాలని 1998 నిబంధనలు చెబుతున్నాయి. వీటిని ఉల్లంఘించిన సంస్థకు కోర్టు విధించే జరిమానాకు గరిష్ఠ పరిమితి లేదు; డైరెక్టర్ల నిర్లక్ష్యం వల్లే జరిగిందని తేలితే వారిపై వ్యక్తిగతంగా కేసు నడిచి, జైలుశిక్ష కూడా పడవచ్చు.

అయితే అదే చట్టంలోని 7వ సెక్షన్ తన భద్రతను, తన పని వల్ల ప్రభావితులయ్యేవారి భద్రతను చూసుకునే బాధ్యతను ఉద్యోగిపైనా పెట్టింది. అంతేకాక, సంరక్షణలో ఉన్నవారిని ఉద్దేశపూర్వకంగా నిర్లక్ష్యం చేసిన కేర్ వర్కర్‌కు 2015 నాటి మరో చట్టం కింద 5 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. మీరు ఆ కోవలోకి వస్తారని నేను అనడం లేదు. కానీ స్లింగ్ పాడైందని తెలిసీ వాడినప్పుడు, మేనేజర్ చెప్పారు కాబట్టి చేశానన్న ఒక్క మాట మిమ్మల్ని కాపాడుతుందని నమ్ముకోవద్దు.

మీ నడుము సంగతీ మరవకండి. పనిలో జరిగిన ప్రమాదంలో గాయపడి 7 రోజులకు మించి మామూలు పని చేయలేకపోతే, ప్రమాదం జరిగిన 15 రోజుల్లోగా యాజమాన్యం ప్రభుత్వానికి తెలియజేయాలి. అందుకే చిన్న దెబ్బైనా ప్రమాదాల పుస్తకంలో రాయించండి.

ఇక వీసా. మీ భయం నిజమైనదే. తీవ్రమైన, తక్షణ ప్రమాదం ఉందని సహేతుకంగా నమ్మి పని నిరాకరించిన ఉద్యోగిని అందుకే తొలగించడం 1996 ఉద్యోగ హక్కుల చట్టం ప్రకారం అక్రమం. ఈ రక్షణ చేరిన మొదటి రోజు నుంచే ఉంటుంది. కానీ ట్రైబ్యునల్‌లో గెలిచినంత మాత్రాన వీసా నిలవదు. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే దొరుకుతాయి కనుక యూనియన్‌లో ఇప్పుడే చేరండి, ఉద్యోగ హక్కులపై సలహా ఇచ్చే ఏకాస్ సంస్థ ఉచిత హెల్ప్‌లైన్‌తో మాట్లాడండి.

స్లింగ్ ఎక్కడ ఊడిందో, ఏ తేదీన చూశారో, రెండో మనిషిని ఎప్పుడు అడిగారో మేనేజర్‌కు ఈమెయిల్‌లో రాయండి. ఫొటో జత చేస్తే అందులో ఆవిడ ముఖం గానీ పేరు గానీ పడకూడదు. కదలిక లేకపోతే ఇంగ్లండ్‌లో కేర్ హోమ్‌లను తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్‌కు ఫిర్యాదు చేయండి. పేరు చెప్పకుండానూ చేయవచ్చు. ఒక్కరే చాలని మేనేజర్ నిజంగా భావిస్తే, అర్హులైనవారితో మళ్లీ అంచనా వేయించి కేర్ ప్లాన్‌ను లిఖితపూర్వకంగా మార్పించమనండి. అంతవరకు రెండో మనిషి వచ్చాకే ఆవిడను లేపండి.