సౌండ్ ఇంజినీరు కావాలంటే ఏడాది కోర్సు చాలుతుందా?

బొబ్బిలి నుంచి ఒక తండ్రి రాశారు. ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్న వారి అబ్బాయి, దశాబ్దాలుగా సినిమాలకు సౌండ్ ఇంజినీరుగా పనిచేసిన ఒక పెద్దాయన ఇంటర్వ్యూ చూసి, తానూ ఆ పనే చేస్తానంటున్నాడట. హైదరాబాదులో ఏడాది సౌండ్ ఇంజినీరింగ్ కోర్సుకు పంపాలా, బీటెక్‌లో చేర్పించాలా అని వారి ప్రశ్న.

అయ్యా, మీరు కోర్సుల గురించి అడిగారు గానీ, మీ బాధ "బంధువులకు ఏమని చెప్పుకోవాలి" అన్న వాక్యంలో ఉంది. అబ్బాయి ఏ బ్రాంచిలో చేరితే నలుగురూ మెచ్చుకుంటారో రాశారు. వాడికి సంగీతం తెలుసా, ఫిజిక్సులో తరంగాల పాఠం ఇష్టంగా చదివాడా అన్నది ఒక్క ముక్క రాయలేదు. ముందు అది కనుక్కోవలసింది మీరే.

ఆ ఏడాది కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఆ పెద్దాయన తరం వారు మద్రాసు స్టూడియోలలో రికార్డిస్టు వెనుక అసిస్టెంట్లుగా ఏళ్ల తరబడి నిలబడి, మాగ్నెటిక్ టేపు మీద పని నేర్చుకున్నారు. తర్వాత స్టీరియో వచ్చింది, టేపు పోయి కంప్యూటరు వచ్చింది, 2012లో తల పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ వచ్చింది. పరికరాలన్నీ మారిపోయినా వారు నిలబడ్డారంటే, శబ్దం గదిలో ఎలా ప్రవర్తిస్తుందో తెలిసిన బుర్ర, తేడా పట్టే చెవి ఉండటం వల్లనే. ఏడాది కోర్సు ప్రధానంగా నేర్పేది ఈనాటి సాఫ్ట్‌వేరు. దానికి లక్షలు పోయడం నాకు సమ్మతం కాదు.

బీటెక్ కంటే మీ జిల్లాలోనే ఫిజిక్సుతో బీఎస్సీ చదివించమంటాను. పూణేలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ సౌండ్‌లో మూడేళ్ల పీజీ కోర్సు నడుపుతున్నాయి. రెండూ కేంద్ర ప్రభుత్వ సంస్థలే. సౌండ్ మిక్సింగుకు 2009లో ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి ఫిజిక్సు డిగ్రీ తర్వాత పూణేలో చదివినవారే. ఈలోగా చెవికి సాధన కావాలి. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలుగా మొదలైన సంగీత కళాశాల విజయనగరంలో ఉంది. మీ పక్కనే గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చేస్తారు. అబ్బాయిని అక్కడికి పంపి, నాదం ఎలా పుడుతుందో చూడమనండి.

భయపడకండి. తెలుగు సినిమాల్లో మాటలు చాలావరకు డబ్బింగులోనే రికార్డవుతాయి గనుక, లొకేషను రికార్డింగుతో పాటు డబ్బింగు, ఎఫెక్ట్స్ (అడుగుల చప్పుడు వంటి శబ్దాలు), మిక్సింగు (అన్ని శబ్దాలనూ కలిపి సరిచేయడం) వేర్వేరు పనులుగా ఉన్నాయి. ఒకదానిలో కుదరకపోతే ఇంకొకదానికి మారవచ్చు. అయితే నెలజీతం ఉండదు, సినిమాకూ సినిమాకూ మధ్య ఖాళీ ఉంటుంది. ఆ సంగతి అబ్బాయికి ఇప్పుడే చెప్పండి.

ఇంతా విని హైదరాబాదుకే పంపుతానంటే, ఫీజు కట్టే ముందు నిరుడు కోర్సు ముగించినవారు ఏ స్టూడియోలో ఏ పని చేస్తున్నారో అడగండి. తడుముకుంటే ఆ డబ్బు పూణే, కోల్‌కతా చదువుకు దాచండి.