అటకెక్కించకు తల్లీ

అమ్మలూ,

నువ్వు క్వాంటమ్ కంప్యూటింగ్ నేర్చుకుంటున్నావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో ఒక ఆడపిల్ల ఆ మాట అన్నందుకే నాకు కడుపు నిండిపోయింది. లక్షన్నర కట్టి ఏదో సర్టిఫికెట్ కోర్సులో చేరతావని కూడా అన్నాడు. అక్కడే టెన్షన్ పట్టుకుంది. ఆ డబ్బు కట్టకు. అమరావతి క్వాంటమ్ వ్యాలీ పేరు చెప్పి అలాంటి ప్రకటనలు నా వాట్సాప్‌కూ వస్తున్నాయి. కావలసినవన్నీ ఉచితంగానే ఉన్నాయి తల్లీ.

ముందు లీనియర్ ఆల్జీబ్రా, అంటే వెక్టర్లు, మాట్రిక్స్‌ల లెక్క. ఎంఐటీలో గిల్బర్ట్ స్ట్రాంగ్ చెప్పిన పాఠాలు యూట్యూబ్‌లో ఉన్నాయి, చూడు. కాంప్లెక్స్ సంఖ్యలకు నీ ఇంటర్ పుస్తకం చాలు. పైథాన్ నీకు ఎలాగూ వచ్చు.

ఇక నా సంగతి విను. 2003లో, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే రోజుల్లో, నీల్సన్, చువాంగ్ రాసిన క్వాంటమ్ కంప్యూటింగ్ పుస్తకం తెప్పించుకున్నాను. ఆరు వందల పేజీలకు పైనే. ఎర్ర పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ నవలలా చదివేశాను. లెక్క వచ్చిన ప్రతిచోటా ‘తర్వాత చూద్దాం’ అని పేజీ తిప్పేశాను. అంతా అర్థమైందనుకుని పిల్లలకు ఒక గంట చెప్పాను కూడా: క్యూబిట్ అంటే క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారపు చిన్న ముక్క, గేటు అంటే దాని స్థితిని మార్చే చర్య, అని.

చివర్లో ఒక కుర్రాడు లేచాడు. ‘సార్, సున్నాలో ఉన్న క్యూబిట్ మీద హడమార్డ్ అనే గేటు వేస్తే, కొలిచినప్పుడు సున్నా, ఒకటి సగం సగం వస్తాయన్నారు. ఆ గేటే ఇంకోసారి వేస్తే?’

‘మళ్లీ సగం సగమే. నాణెం రెండోసారి ఎగరేసినట్టు’ అన్నాను.

వాడు మెల్లగా వచ్చి చాక్‌పీస్ తీసుకుని, ఆ గేటుకుండే రెండు వరసల మాట్రిక్స్‌ను రెండుసార్లు రాసి, సున్నా మీద గుణించాడు. పై వరసలో సగం ప్లస్ సగం, ఒకటి. కింది వరసలో సగం మైనస్ సగం, ఏమీ మిగల్లేదు. అంటే కొలిస్తే ప్రతిసారీ సున్నాయే వస్తుంది. నాణేనికి లేనిది ఆ మైనస్ గుర్తే. సంభావ్యతకు మైనస్ ఉండదు, దాని వెనకుండే ఆంప్లిట్యూడ్ అనే సంఖ్యకు ఉంటుంది. ‘చిన్న పొరపాటే సార్’ అని చాక్‌పీస్ నా చేతికిచ్చి వెళ్లి కూర్చున్నాడు.

ఆ సిగ్గుతో ఇంటికొచ్చి పుస్తకం అటక మీద పడేశాను. పదమూడేళ్లు అక్కడే ఉంది. నా అసలు తప్పు అదే.

2016లో ఐబీఎం వాళ్లు ఐదు క్యూబిట్ల యంత్రాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచారని చదివి, అప్పుడు దింపాను. మొదట వేసి చూసింది ఆ రెండు హడమార్డ్ గేట్లే. దాదాపు అన్నీ సున్నాలే వచ్చాయి. అక్కడక్కడా ఒకట్లు, అవి యంత్రం నాయిజ్ వల్ల, అంటే దాని చిన్న చిన్న తడబాట్ల వల్ల. చాలాసేపు స్క్రీన్ ముందునుంచి లేవలేకపోయాను.

నువ్వు జాన్ వాట్రస్ పాఠాలతో మొదలుపెట్టు. ఐబీఎం సైట్‌లో ఉచితం, తొందరపడకుండా చెబుతాడు. ప్రతి లెక్కా చేత్తో చేశాకే ముందుకెళ్లు. ‘క్వాంటమ్ కంప్యూటర్ అన్ని జవాబులూ ఒకేసారి ప్రయత్నిస్తుంది’ అని ఏ వీడియో మొదలైనా కట్టెయ్. కొలిస్తే దొరికేది ఒక్క జవాబే. తప్పు జవాబులు ఆ మైనస్‌లతో ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా చెయ్యడమే అసలు పని. అభ్యాసానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. ఇరవై క్యూబిట్లంటే దాదాపు పదిన్నర లక్షల ఆంప్లిట్యూడ్లు, నీ లాప్‌టాప్ సులువుగా మోస్తుంది.

ఎక్కడో ఆగిపోతావు, తప్పదు. ఆ రోజు అర్ధరాత్రైనా సరే నాకు ఫోన్ చెయ్యి. సిగ్గుపడి అటకెక్కించావో, ఊరుకోను. ఇప్పుడు ఆ రెండు మాట్రిక్స్‌లూ నువ్వే గుణించి, ఫోటో తీసి రాత్రికల్లా పంపు. నిద్రపోకుండా చూస్తుంటాను.

మీ పెదనాన్న