అద్దె ఫ్లాట్‌లో చార్జింగ్ పాయింట్: ముందు మీటర్ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: విజయనగరం కంటోన్మెంట్ ప్రాంతంలో ఒక ఫ్లాట్ అద్దెకు చూశాం. మాకు ఎలక్ట్రిక్ స్కూటర్ ఉంది. త్వరలో ఎలక్ట్రిక్ కారు కూడా కొనాలనుకుంటున్నాం. సెల్లార్‌లో చార్జింగ్ పాయింట్ ఉందని, నిశ్చింతగా వాడుకోవచ్చని ఓనర్ గారు చెబుతున్నారు. అది కామన్ మీటర్‌దని, స్కూటర్‌కైతే నెలకు ఇంతని తీసుకుంటామని, కారు సంగతి తరువాత చూద్దామని అసోసియేషన్ సెక్రటరీ గారు అంటున్నారు. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఏమేమి చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: కామన్ మీటర్ పాయింట్‌ను నమ్ముకొని ఆ ఫ్లాట్‌లో దిగవద్దనే నా సలహా. లిఫ్టుకు, బోరు మోటారుకు, మెట్ల లైట్లకు అందరూ కలిసి కట్టే బిల్లులో మీ బండి కరెంటు కూడా చేరితే, సెక్రటరీ మారగానే పేచీ మొదలవుతుంది. స్కూటర్ బ్యాటరీ సుమారు 3 యూనిట్లతో నిండుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోకపోవచ్చు. చిన్న కారు బ్యాటరీకే 20 నుంచి 30 యూనిట్లు కావాలి. మీకు కావలసింది మీ ఫ్లాట్ మీటర్ నుంచి మీ పార్కింగ్ దాకా విడిగా లాగిన లైను. ఇంటి కనెక్షన్ నుంచే వాహనాన్ని చార్జ్ చేసుకోవడానికి కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు అనుమతిస్తున్నాయి. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024లో చేసిన సవరణ ప్రకారం చార్జింగ్ కోసం విడి కనెక్షన్ కూడా కోరవచ్చు.

ఇప్పుడున్న పాయింట్ ఎవరిదో స్వయంగా చూసుకోండి. స్కూటర్‌కు చార్జింగ్ పెట్టి మీటర్ బోర్డు దగ్గర నిలబడండి. ఖాళీగా ఉన్న ఆ ఫ్లాట్ మీటర్ మీది చిన్న ఎర్ర లైటు వెలిగి ఆరుతూ ఉంటే లైను అక్కడి నుంచే వచ్చిందని తెలుస్తుంది. అందులో చలనం లేకుండా కామన్ మీటర్ లైటు జోరందుకుంటే సెక్రటరీ గారి మాటే నిజం. అరగంట తరువాత స్విచ్ ఆపి ప్లగ్గును తాకి చూడండి. అది బాగా వేడెక్కినా, సాకెట్ రంధ్రాల చుట్టూ గోధుమరంగు మరకలు కనిపించినా లోపల కనెక్షన్ వదులుగా ఉన్నట్టే, అలాంటి దానికి కారు తగిలించడం ప్రమాదం.

కొత్తగా లైను వేయించుకోవలసి వస్తే 16 ఆంపియర్ల సాకెట్, కనీసం 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, లోడు మించితే కరెంటు ఆపేసే ఎంసీబీ దానికంటూ ఒకటి, షాక్ నుంచి కాపాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎర్తింగ్ విషయంలో రాజీ పడకండి. ఎర్త్ సరిగా లేకపోతే చాలా కార్ల చార్జర్లు పనే చేయవు. బాల్కనీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు వేలాడదీయడం మాత్రం ఒక్క రాత్రికైనా వద్దు. వానకు సెల్లార్‌లో నీళ్లు ఎంత ఎత్తు నిలుస్తాయో వాచ్‌మన్‌ను అడిగి, సాకెట్‌ను అంతకంటే బాగా పైన పెట్టించండి. 2014లో హుద్‌హుద్ తుఫానుకు మన జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు కాబట్టి, తుఫాను హెచ్చరిక రాగానే బండిని పూర్తిగా చార్జ్ చేసి ఉంచుకోవడం మంచిది.

గోడకు బిగించే 7 కిలోవాట్ల చార్జర్ అద్దె ఇంటికి అనవసరమని నా అభిప్రాయం. కారుతో వచ్చే 15 ఆంపియర్ల చార్జర్ గంటకు సుమారు 3 యూనిట్లు ఇస్తుంది, అంటే 3 కిలోవాట్ల లోడు; రోజూ విశాఖపట్నం వెళ్లి వచ్చినా రాత్రి చార్జింగ్ సరిపోతుంది. అయితే ఏసీ, గీజర్‌లతో పాటు ఈ 3 కిలోవాట్లను కూడా ఆ ఫ్లాట్‌కు మంజూరైన లోడు భరించాలి. ఎంత లోడు ఉందో పాత కరెంటు బిల్లులో చూడండి. చాలకపోతే మన కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌కు అదనపు లోడు కోసం దరఖాస్తు చేయాలి.

కరెంటు సర్వీసు ఓనర్ గారి పేరు మీద ఉంటుంది కనుక ఆ దరఖాస్తుకు ఆయన సంతకం, లైను లాగడానికి అసోసియేషన్ రాతపూర్వక అనుమతి అడ్వాన్స్ ఇవ్వకముందే తీసుకోండి. పార్కింగ్ నంబరు, లైను ఏ మీటర్‌దన్నది, ఖర్చు ఎవరిదన్నది, ఖాళీ చేసేటప్పుడు మీరు బిగించుకున్న సామాను తీసుకుపోవచ్చన్నది అద్దె అగ్రిమెంటులోనే రాయించండి.