నేవీ వార్ డైరీల్లో రాసినదంతా నిజమేనా? 1942 ఏప్రిల్ 6 గురించి వెతుకుతూ నేను తెలుసుకున్నది

"రెండో ప్రపంచ యుద్ధం నాటి నౌకాదళ కమాండ్‌ల వార్ డైరీలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. వాటిని చరిత్రకు ఆధారంగా ఎంతవరకు నమ్మొచ్చు? మామూలు పాఠకులు ఎలా చదవాలి?" అని అడిగారు. నేను చరిత్ర ప్రొఫెసర్‌ని కాను. తూర్పు తీరంలో ఒక పోర్టు కంట్రోల్ రూమ్‌లో పాతికేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఈ డైరీలు చదవడం మొదలుపెట్టింది మా అమ్మమ్మ కోసం.

అమ్మమ్మ వాళ్లది విశాఖ వన్‌టౌన్. 1942లో ఆవిడకి తొమ్మిదేళ్లు. "చిత్రభాను సంవత్సరం, చైత్ర మాసం. పట్టపగలు, ఎండ మాడ్చేస్తుండగా విమానాలొచ్చాయిరా. హార్బరు వైపు బాంబులేశారు" అనేది. మర్నాటికల్లా వాళ్ల నాన్న అందర్నీ ఎడ్లబండి ఎక్కించి విజయనగరం అవతల మేనత్తగారి ఊరు పంపించేశాడట. ఇంటికి తాళం వేసి తాళంచెవి పక్కింటి ముసలావిడకిచ్చారు. ఆవిడ మాత్రం "నేనెక్కడికీ రాను" అని అరుగు మీదే కూర్చుండిపోయిందట. అమ్మమ్మ ఎప్పుడు చెప్పినా బాంబుల కన్నా ఆ అరుగు దగ్గరే ఎక్కువసేపు ఆగేది.

అవి జపాన్ విమాన వాహక నౌక ర్యూజో నుంచి వచ్చిన విమానాలు. 1942 ఏప్రిల్ 6, సోమవారం. అదే రోజు కాకినాడ మీద కూడా బాంబులు వేశారు. వైస్ అడ్మిరల్ ఒజావా నడిపిన ఆ దళం కొద్ది రోజుల్లోనే బంగాళాఖాతంలో 20కి పైగా వాణిజ్య ఓడల్ని ముంచేసింది. ఇంత జరుగుతుంటే బ్రిటిష్ నౌకాదళం ఎక్కడుంది? ఈ ప్రశ్నకు జవాబు కోసమే హిందూ మహాసముద్రంలోని బ్రిటిష్ నౌకాదళం, అంటే ఈస్టర్న్ ఫ్లీట్, వార్ డైరీ తెరిచాను.

ముందు అసలు వార్ డైరీ అంటే ఏమిటో చెబుతాను, చాలామంది దీన్ని ఓడ లాగ్‌బుక్‌తో కలిపేస్తారు. లాగ్‌బుక్ ఆ ఓడ మీద డ్యూటీలో ఉన్నవాళ్లు గంట గంటకూ రాసేది: దిక్కు, వేగం, వాతావరణం, ఇలాంటివి. కమాండ్ వార్ డైరీ దాని పైన ఉండే కాగితం. ఫ్లీట్ హెడ్‌క్వార్టర్స్‌కి వచ్చిన సిగ్నల్స్, ఓడల రిపోర్టులు, తామిచ్చిన ఆర్డర్లు అన్నీ చూసి స్టాఫ్ ఆఫీసర్లు రోజువారీగా కూర్చేది. దాన్ని టైపు చేసి పైవాళ్లకు పంపేవారు. అంటే అది ఒక కన్ను చూసింది కాదు, చాలామంది చూసి చెప్పినదాన్ని ఒక టేబుల్ దగ్గర కూర్చుని సర్దింది.

ఆ సర్దడంలో ఏం జరుగుతుందో నా ఉద్యోగంలోనే చూశాను. ఒక తుఫాను రాత్రి లంగరు తెగిన ఓడ ఒకటి, రేడియోలో నాలుగు గొంతులు ఒకేసారి. మా జూనియర్ రఫ్ కాగితం మీద గీకుతున్నాడు. అందులో కొట్టివేతలు, "వినపడలేదు" అనే మాటలు, ఒకే ఓడకు రెండు వేరువేరు పొజిషన్లు. తెల్లవారాక టెన్షన్ తగ్గింది. ఆయన కూర్చుని ఫెయిర్ కాపీ రాశాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ అర్ధరాత్రి రెండింటికి మాకు ఆ ఓడ ఎక్కడుందో తెలియక చేతులు వణికిన ఆ ఇరవై నిమిషాలు మాయమైపోయాయి. చివరికి తేలిన పొజిషన్ ఒక్కటే మిగిలింది. వార్ డైరీలో ఏ పేజీ చదువుతున్నా నాకు ఆ రఫ్ కాగితమే గుర్తొస్తుంది.

ఇక ఆ ఏప్రిల్ సంగతి. ఈస్టర్న్ ఫ్లీట్ పగ్గాలు అడ్మిరల్ జేమ్స్ సోమర్‌విల్ చేతికి వచ్చి పది రోజులు కూడా కాలేదు. ఏప్రిల్ 1 ప్రాంతంలో సిలోన్ (ఇప్పటి శ్రీలంక) మీద దాడి జరుగుతుందని కబురు ఉండి, ఓడలన్నిటినీ సిలోన్‌కు దక్షిణంగా కాపు కాయించాడు. దాడి రాలేదు. నీళ్లు, ఇంధనం తరిగిపోతుండటంతో 2వ తేదీ రాత్రి మాల్దీవుల్లోని అడ్డూ అటోల్‌కి బయల్దేరాడు. 4న అక్కడికి చేరిన రోజే, లెనార్డ్ బిర్చాల్ నడుపుతున్న కెనడా వాయుసేన కాటలీనా విమానం సిలోన్‌కు ఆగ్నేయంగా జపాన్ ప్రధాన విమాన వాహక దళాన్ని నడిపిన అడ్మిరల్ నగుమో నౌకల్ని చూసి, కూలిపోయే లోపు సందేశం పంపగలిగింది. 5న, ఈస్టర్ ఆదివారం, కొలంబో మీద దాడి. ఆ మధ్యాహ్నమే డోర్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే బ్రిటిష్ క్రూయిజర్లు (యుద్ధ నౌకలు) మునిగాయి. 1,122 మందిని మర్నాడు సముద్రంలోంచి ఎత్తి కాపాడారు.

మర్నాడంటే 6వ తేదీ. విశాఖ మీద బాంబులు పడిన రోజు. ఫ్లీట్ ధ్యాసంతా నగుమో ఎక్కడున్నాడు, తమకూ అడ్డూకూ మధ్యలోకి వస్తున్నాడా అన్నదాని మీదే. శత్రువు ఆ చుట్టుపక్కలే ఉన్నాడేమోనని దూరంగా తిరిగి 8న అడ్డూ చేరుకున్నారు. మా అమ్మమ్మ జీవితంలోకెల్లా పెద్ద రోజు, ఆ అడ్మిరల్ కాగితాల్లో వేరే ఏదో తీరం మీద జరిగిన సంగతి. మొదట చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. తర్వాత అర్థమైంది, ఆ డైరీ విశాఖలో ఏం జరిగిందో చెప్పడానికి రాసింది కాదు. ఆ గంటకు ఆ అడ్మిరల్‌కి ఏం తెలుసు, ఏం తెలియదు, దేన్ని చూసి భయపడ్డాడు అనేదానికి అంతకన్నా గట్టి సాక్ష్యం ఇంకోటి లేదు. మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. "ఏం జరిగింది" అని అడిగితే వార్ డైరీ సగం సాక్షి. "అప్పుడు వాళ్లకేం తెలుసు" అని అడిగితే నిండు సాక్షి.

నేను చేసిన ఒక పొరపాటు కూడా చెప్పాలి, మీకు పనికొస్తుంది. జపాన్ వైపు కాగితాల ఆధారంగా తయారైన ఒక పట్టికలోని టైములు యథాతథంగా నోట్‌బుక్‌లో ఎక్కించాను. విమానాలు చీకటి పడే వేళకు వచ్చినట్టు తేలింది. వెళ్లి అమ్మమ్మతో "నువ్వు చిన్నపిల్లవి కదా, సరిగ్గా గుర్తులేదేమో, వచ్చింది సాయంత్రం" అన్నాను. ఆవిడ వాదించలేదు. "నా నీడ కాళ్ల కిందే ఉందిరా" అంది. జపాన్ నౌకాదళం సముద్రంలో ఎక్కడున్నా గడియారాన్ని టోక్యో టైములోనే ఉంచేదని నాకు తర్వాత తెలిసింది. మన టైము కన్నా అది మూడున్నర గంటలు ముందు. పైగా యుద్ధకాలంలో మన దేశంలోనే గడియారాలు గంట ముందుకు జరిపిన రోజులున్నాయి. లెక్క సరిచేస్తే అమ్మమ్మ చెప్పినట్టు పట్టపగలే. మళ్లీ వెళ్లి ఆవిడ దగ్గర ఒప్పుకున్నాను. కాబట్టి ఏ డైరీ తెరిచినా మొదట అది ఏ టైములో రాశారో చూడండి. అమెరికన్ కాగితాల్లో టైము పక్కన ఒక అక్షరం ఉంటుంది, అది టైమ్ జోన్ గుర్తు. దాన్ని వదిలేస్తే పసిఫిక్‌లో, డేట్ లైన్ దగ్గర, ఏకంగా ఒక రోజే తప్పిపోతుంది.

కావాలని చేసిన తప్పులూ ఉన్నాయి. 1939 సెప్టెంబర్ 3న, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన రోజే, జర్మన్ జలాంతర్గామి యూ-30 అథీనియా అనే ప్రయాణికుల ఓడను ముంచింది. వందమందికి పైగా చనిపోయారు. జర్మనీ మాకు సంబంధం లేదంది. యూ-30 తిరిగొచ్చాక దాని యుద్ధ డైరీలో ఆ పేజీ తీసేసి వేరే పేజీ పెట్టించారు. పైనున్న జర్మన్ జలాంతర్గాముల అధిపతి డోనిట్జ్ కమాండ్ డైరీలో కూడా ఆ ఓడను యూ-30 ఖాతాలో రాయలేదు. యుద్ధం తర్వాత నాజీ నాయకుల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణలో ఇదంతా బయటపడింది. అంటే కింద డైరీ, పైన డైరీ రెండూ ఒకే మాట చెబుతున్నంత మాత్రాన నిజం కావాలని లేదు.

ఇంకో రకం ఉంది, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది. రాసినవాళ్లు నిజాయితీగా నమ్మి రాసిన అబద్ధం. 1944 అక్టోబర్‌లో తైవాన్ దగ్గర గాలి యుద్ధం తర్వాత జపాన్ 10కి పైగా అమెరికన్ విమాన వాహక నౌకల్ని ముంచేశామని ప్రకటించింది. నిజానికి ఒక్కటీ మునగలేదు. కాన్‌బెర్రా, హ్యూస్టన్ అనే రెండు క్రూయిజర్లు గట్టిగా దెబ్బతిన్నాయి, అంతే. కుర్ర పైలట్లు చీకట్లో మంటలు చూసి చెప్పిన లెక్క మెట్టు మెట్టుగా పైకెక్కింది. దాన్ని నమ్మి ఫిలిప్పీన్స్‌లోని లేటె ద్వీపంలో తేల్చుకుందామని సైన్యాన్ని దింపారు. ఆ అంకెల్ని "తప్పు" అని కొట్టేసి ముందుకు పోతే, అంతమంది ఎందుకు చచ్చిపోయారో మనకు అర్థం కాదు.

డైరీలో లేనిదాన్ని కూడా గమనించాలి. మిత్రపక్షాలు శత్రువు సంకేతాల్ని ఛేదించి చదువుతున్న సంగతి 1970ల దాకా చాలావరకు రహస్యం. అందుకే "శత్రువు ఫలానా చోట ఉండవచ్చని అంచనా" అని పొడిగా ఒక్క వాక్యం కనిపిస్తే, ఆ అంచనా ఎక్కడి నుంచి వచ్చిందో వేరే ఫైళ్లలో వెతకాలి.

అసలు ఇవి మిగలడమే ఒక అదృష్టం. జర్మన్ నౌకాదళం కాగితాలు 1945లో జర్మనీలోని టాంబాక్ కోటలో చెక్కుచెదరకుండా దొరికాయి కాబట్టి వాళ్ల యుద్ధాన్ని రోజు రోజుగా చదవగలుగుతున్నాం. జపాన్‌లో లొంగుబాటు సమయంలో గుట్టలు గుట్టలుగా కాల్చేశారు. మన దగ్గర కూడా 1971 డిసెంబర్‌లో విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునకకు సంబంధించిన రికార్డులు ధ్వంసమయ్యాయని 2010లో పత్రికల్లో వచ్చింది. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఘాజీ మన డెప్త్ ఛార్జ్‌ల (నీటిలో పేలే బాంబుల) వల్ల మునిగిందా, లోపలి పేలుడు వల్లా అని ఇప్పటికీ వాదించుకుంటున్నామంటే, ఆ రాత్రి కాగితాలు ఎంత అవసరమో చూడండి. 2021లో రక్షణ శాఖ తెచ్చిన విధానంలో వార్ డైరీల పేరు స్పష్టంగా రాశారు, మామూలుగా 25 ఏళ్లకు రహస్య ముద్ర తీసేయాలన్నారు. అది కాగితం మీదే ఆగిపోకూడదని నా ఆశ.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, అమెరికన్ డైరీలు సులువు. నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో స్కాన్ చేసిన పేజీలు ఉచితం. పసిఫిక్ కమాండ్ ఆలోచన తెలియాలంటే అక్కడి అమెరికన్ నౌకాదళ అధిపతి నిమిట్జ్ "గ్రే బుక్" ఉంది, 8 సంపుటాలు, సుమారు 4,000 పేజీలు. అందులో జరిగినవే కాదు, వాళ్లు వేసుకున్న అంచనాలూ ఉంటాయి. జపాన్ కాగితాలు ఆ దేశపు ఆసియా చరిత్ర ఆర్కైవ్ సైట్‌లో ఉన్నాయి. బ్రిటిష్‌వి లండన్‌లోని క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏడీఎమ్ 199 వరసలో. ఈస్టర్న్ ఫ్లీట్ డైరీని టైపు చేసి ఆన్‌లైన్‌లో పెట్టిన పుణ్యాత్ములూ ఉన్నారు. వెతికేటప్పుడు పాత పేర్లు వాడండి: విశాఖకు విజగపటం, కాకినాడకు కొకనాడ, అడ్డూ అటోల్‌కి పోర్ట్ టి అనే రహస్య పేరు. నేను మూడు నెలలు "వైజాగ్" అని కొట్టి ఏమీ లేదనుకున్నాను.

నా నోట్‌బుక్‌లో ఒక్కో రోజుకు నాలుగు గడులు గీసుకున్నాను. ఏ టైముకు జరిగింది, అది కమాండ్‌కు ఎప్పుడు తెలిసింది, ఎవరు చెప్పారు, అవతలి పక్షం ఏం రాసింది. ఏప్రిల్ 6 పేజీలో ఐదో గడి కూడా గీశాను. అందులో అమ్మమ్మ మాటలున్నాయి, అరుగు మీద కూర్చున్న ముసలావిడతో సహా.