కురషికి వెళ్తుంటే ఒకాయమాలో దిగండి

మీరు ఒసాకా నుంచి హిరోషిమా వెళ్తూ దారిలో ఒక పూట జపాన్‌లోని పాత కాలువ ఊరు కురషికి చూడాలని, అమ్మగారు ఎక్కువ నడవలేరని, షిన్-కురషికిలో దిగాలా అని అడిగారు. వద్దండి. పేరు చూసి చాలామంది అక్కడే పొరపడతారు. ఆ స్టేషన్ పాత ఊరికి దూరం, మళ్లీ లోకల్ రైలు ఎక్కాల్సిందే. ఒకాయమాలో షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) దిగి, పెట్టెలు కాయిన్ లాకర్లో పెట్టేసి, సాన్యో లైన్ రైలెక్కితే దాదాపు 17 నిమిషాల్లో కురషికి. అక్కడి నుంచి కాలువ దాకా పావుగంట నడక. అమ్మగారితో కాబట్టి టాక్సీ తీసుకోండి.

వెళ్లగానే ముందు పడవ టికెట్లు కొనేయండి, త్వరగా అయిపోతాయి. షికారు 20 నిమిషాలే, కానీ అమ్మగారికి అదే హాయి. పడవవాడు పొడవాటి గడతో నెమ్మదిగా నెడుతుంటే, ఒడ్డున నీళ్లలోకి దిగే రాతిమెట్లు కళ్లముందే ఉంటాయి. ఒకప్పుడు బియ్యం, పత్తి పడవల సరుకు దింపింది అలాంటి మెట్ల మీదే. 1642 నుంచి ఈ ఊరు నేరుగా షోగన్ (అప్పటి జపాన్ సైనిక పాలకుడు) ప్రభుత్వం కింద ఉండేది, వర్తకం అలా పెరిగింది. గోదాముల గోడలు దగ్గరగా చూడండి: నల్ల పెంకుల మధ్య ఉబ్బెత్తుగా తెల్ల సున్నం గీతలు, ఎంత ముచ్చటగా ఉంటాయో!

సోమవారం మాత్రం పెట్టుకోకండి. 1930లో మొదలైన ఒహారా కళా మ్యూజియానికి మామూలుగా ఆ రోజు సెలవు. అమ్మగారు శాకాహారులైతే తినడానికి ఏదైనా వెంట ఉంచుకోండి, అక్కడి చారుల్లో చేప రసం కలుస్తుంది.