కరెంటు కుక్కర్లో అన్నం ఒకరోజు ముద్ద, ఒకరోజు పలుకు: ఏం చేయాలి?

మీరు అడిగినవి మూడు సంగతులు. కొత్తగా కొన్న 1.8 లీటర్ల కరెంటు కుక్కర్లో అన్నం ఒకరోజు ముద్దవుతోంది, ఒకరోజు పలుకుగా ఉంటోంది, మధ్యమధ్యలో అడుగు మాడుతోంది. మీ అత్తగారేమో వార్చిన అన్నం తప్ప ముట్టనంటున్నారు. పొద్దున్న ఆఫీసుకి వెళ్తూ వండింది రాత్రి దాకా, అన్నాన్ని వేడిగా ఉంచే వార్మ్‌లో వదిలేయొచ్చా అన్నది మూడోది.

నేను విజయనగరంలో హైస్కూల్ సైన్సు మాస్టారిని. మా ఆవిడ ఉద్యోగం పాలకొండలో. పదకొండేళ్లుగా సోమవారం నుంచి శుక్రవారం దాకా నా కూడు నేనే వండుకుంటున్నాను, అదీ ఈ కుక్కర్లోనే. కాబట్టి మీరిప్పుడు చేస్తున్న పొరపాట్లన్నీ నేను ముందే చేసి కూర్చున్నాను.

మొదటి ఏడాది నాకూ ఇదే గోల. అప్పుడు మా అమ్మ కంటి ఆపరేషన్ కోసం టెక్కలి దగ్గర మా ఊరి నుంచి వచ్చి నెల్లాళ్లు నా దగ్గరుంది. జన్మలో కరెంటు కుక్కరు ముట్టని మనిషి. వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, నేను గ్లాసుతో బియ్యం, గ్లాసుతో నీళ్లు కొలిచి పోసి మీట నొక్కడం చూసింది. "గంజి ఎప్పుడు వారుస్తావురా?" అంది. వార్చక్కర్లేదమ్మా, పోసిన నీళ్లన్నీ అందులోనే ఇగిరిపోతాయి అన్నాను. ఒక్క క్షణం ఆలోచించి, "ఓస్, అత్తెసరే గదేటి!" అనేసింది.

నాకు బుర్ర వెలిగింది అక్కడే. గంజి వార్చే పని లేకుండా సరిపడా ఎసరు మాత్రమే పోసి వండేదే అత్తెసరు. (మా స్కూల్లో బొటాబొటీగా గట్టెక్కిన వాళ్లని అత్తెసరు మార్కులతో పాసయ్యారంటాం, అదీ ఇందులోంచి వచ్చిందే.) వార్చే అన్నానికి నీళ్లు ఎక్కువైనా బెంగలేదు, మెతుకు పట్టి చూసి ఒంపేస్తాం. అత్తెసరుకి ఆ వీలు లేదు. పోసేటప్పుడే లెక్క తేలిపోవాలి. చిన్నప్పటి నుంచీ వార్చిన అన్నం వండే ఇళ్లలో పెరిగిన మనకి ఆ లెక్క చేతిలో ఉండదు. నాకూ లేదు, బహుశా మీకూ లేదు. కుక్కర్లో తప్పేం లేదు.

దాని తెలివి ఎంతో చూడాలంటే ప్లగ్ పీకి, లోపలి గిన్నె తీసి చూడండి. వేడెక్కే ప్లేటు మధ్యలో రూపాయి బిళ్లంత బొడిపె ఒకటి ఉంటుంది, వేలితో నొక్కితే కిందికి దిగి మళ్లీ పైకొస్తుంది. దాని కడుపులో అయస్కాంతం. మీరు మీట నొక్కగానే అది అతుక్కుని మీటని కిందనే పట్టి ఉంచుతుంది. గిన్నెలో నీళ్లున్నంతసేపూ అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. నీళ్లు ఇగిరిపోయాక పైకి పాకుతుంది. 103 డిగ్రీలు, ఆ చుట్టుపక్కలకి రాగానే ఆ బొడిపెలోని పదార్థం అయస్కాంతానికి అతుక్కునే గుణం పోగొట్టుకుంటుంది, స్ప్రింగు తన్నేస్తుంది, టక్కుమంటుంది. అన్నం ఉడికిందో లేదో దానికి తెలీదు, నీళ్లయిపోయాయని మాత్రం తెలుసు. 1955లో జపాన్‌లో తోషిబా వాళ్లు తెచ్చిన మొదటి ఆటోమేటిక్ కుక్కర్లో కూడా కిటుకు నీళ్లదే. బయటి గిన్నెలో కప్పుడు నీళ్లు పోసేవారు, అవి సుమారు ఇరవై నిమిషాల్లో ఆవిరైపోగానే వేడి పెరిగి స్విచ్ పడిపోయేది.

అందుకే నీళ్లు ఎక్కువైతే అవన్నీ అయ్యేదాకా ఉడికిస్తూనే ఉంటుంది, అన్నం చిమిడిపోతుంది. తక్కువైతే మెతుకు పలుకుగా ఉండగానే కట్టేసి కూర్చుంటుంది.

ఇక నీళ్ల లెక్క. ముందు కొలత ఒక్కటే పెట్టుకోండి. చాలా కుక్కర్లతో వచ్చే ప్లాస్టిక్ కప్పు 180 మిల్లీలీటర్లది, జపాన్‌లో బియ్యం కొలిచే ‘గో’ అన్న కొలత అది. గిన్నె లోపలి గీతలు కుక్కరుతో ఇచ్చిన కప్పుకి సరిపడేలా గీసినవి. మన స్టీలు గ్లాసుతో బియ్యం పోసి ఆ గీత దాకా నీళ్లు పోస్తే ఎలా కుదురుతుంది? నేను ఆర్నెల్లు అదే చేశాను.

ఏడాది నిలవున్న సోనామసూరికి నేను గ్లాసుకి రెండుంపావు పోస్తాను, కడిగి అరగంట నానబెట్టాక. సంక్రాంతి తర్వాత వచ్చే కొత్త బియ్యానికి ఒకటిముప్పావు చాలు, ఒక్క చుక్క ఎక్కువైనా పాయసమే. మా ఊరి నుంచి వచ్చే బస్తా శ్రీకాకుళం సన్నాలు, అదే రాగోలు పరిశోధన స్థానం వాళ్ల రకం. దానికీ అంతే, పాతదా కొత్తదా అన్నదే ముఖ్యం. మీకు ఒకరోజు ముద్ద, ఒకరోజు పలుకు వస్తోందంటే నా అనుమానం, పాత డబ్బాలో కొత్త బస్తా బియ్యం కలిసిపోతున్నాయి. కోటా బియ్యం వండుతుంటే ఇంకో మాట. కడిగేటప్పుడు తేలే గింజల్ని ప్లాస్టిక్ బియ్యమని పారబోయకండి. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలు, అవి కలిపిన బియ్యంలో వంద కిలోలకి ఒక కిలో చొప్పున ఉంటాయి.

ఇక్కడే అందరూ పప్పులో కాలేసేది ఒకటుంది. గ్లాసుకి రెండుంపావు కదా అని మూడు గ్లాసులకి ఆరుముప్పావు పోస్తారు. బియ్యం పీల్చుకునే నీళ్లు బియ్యాన్ని బట్టి పెరుగుతాయి గానీ, ఆవిరిగా పోయే నీళ్లు అంతగా పెరగవు. గిన్నె అదే, మూత అదే, కాలం కూడా కాస్త ఎక్కువ పడుతుందంతే. మూడు గ్లాసులకి నేను ఆరు పోస్తాను. చుట్టాలొచ్చిన రోజే అన్నం ముద్దవడానికి కారణం ఇది, దిష్టి కాదు.

టక్కుమనగానే మూత తీయకండి. పది నిమిషాలు ఉమ్మగిలనివ్వండి. అప్పటికి పైన తడి, అడుగున పొడి ఉంటుంది, ఆ పది నిమిషాల్లో సర్దుకుంటుంది. అడుగున అంటుకున్న పలచటి పొర కూడా మెత్తబడి అన్నం వడ్డించే హస్తంతో ఊడొస్తుంది. ఎర్రగా లేతగా ఉండే ఆ పొర ఎలాగూ కొంచెం వస్తుంది, 100 దాటితే గానీ స్విచ్ పడదు కాబట్టి. నల్లగా మాడితే మాత్రం వేరే సంగతి.

నాకు ఒకసారి వారం రోజులు వరసగా మాడింది. బాగుచేసే షాపుకి తీసుకెళ్తే థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి స్విచ్ పడేసే ఆ బొడిపె, పోయింది, మార్చాలన్నాడు. మర్నాడు వస్తానని తిరిగొచ్చేశాను. ఇంట్లో టార్చి వేసి చూస్తే ఆ బొడిపె మీద ఒక్క మెతుకు, ఎండి బల్లిగుడ్డులా గట్టిపడి అతుక్కుని ఉంది. గిన్నె వేడి బొడిపెకి తగలకుండా అదే అడ్డం. గోరుతో గీకి తీసేశాను, ఆ పూట నుంచే బాగైంది. మీరు కూడా ముందు అక్కడ చూడండి. గిన్నె అడుగు పొడిగుడ్డతో తుడిచి పెట్టండి, పెట్టాక రెండువైపులా పట్టుకుని కాస్త తిప్పితే సరిగ్గా కూర్చుంటుంది. సొట్ట పడితే ఇక ఆ గిన్నె పనికిరాదు.

మూత సందుల్లోంచి గంజి పొంగి బల్లంతా అవుతుంటే బియ్యం ఇంకోసారి కడిగి, అరచెంచా నూనె వేయండి. అయినా పొంగితే మీరు ఎక్కువ వండుతున్నారని అర్థం.

వోల్టేజి కూడా చూసుకోండి. 230 ఉండాల్సిన చోట 180 ఉంటే 700 వాట్ల కుక్కరు దాదాపు 430 వాట్లకి పడిపోతుంది, ఎందుకంటే వోల్టేజి తగ్గిన దానికన్నా వేడి ఇంకా ఎక్కువ తగ్గుతుంది. అరగంటలో అయ్యే అన్నం గంట తీసుకుని మెత్తబడిపోతుంది. మా ఊళ్లో వేసవి సాయంత్రాలు ఇదే తంతు. మధ్యలో కరెంటు పోతే కంగారొద్దు, మామూలు మీట కుక్కర్లో మీట కిందనే ఉండిపోతుంది, కరెంటు రాగానే మళ్లీ మొదలెడుతుంది. అప్పటిదాకా మూత తీయకుండా ఉంటే చాలు. ఇన్వర్టర్ మీద మాత్రం పెట్టొద్దు. నేను పెట్టి, కుయ్యిమని ఫ్యాన్లు కూడా ఆగిపోయి, చెమటలు కక్కాను. 2018 అక్టోబరు తిత్లీ తుఫానుకి మా ఊళ్లో పది రోజులకి పైగా కరెంటు లేదు. అమ్మ కట్టెల పొయ్యి మీద వీధిలో నాలుగిళ్లకి గంజన్నం వండింది. ఫోన్ కలిసిన మొదటిరోజే, "నీ కుక్కరు ఏటి సేస్తందిరా?" అని అడిగింది. సమాధానం లేదు నా దగ్గర.

మీ అత్తగారి సంగతికి వస్తే, వార్చిన అన్నం ఇందులోనూ వండొచ్చు. గ్లాసుకి ఐదు గ్లాసుల నీళ్లు పోసి, మూత ఓరగా పెట్టి, మెతుకు వేళ్ల మధ్య నలిపితే లోపల చుక్క లేకుండా నలిగినప్పుడు స్విచ్ ఆపి ప్లగ్ పీకేయండి. మీ కుక్కర్లో ఇలాగైతే గ్లాసు, గ్లాసుంపావు బియ్యం కన్నా ఎక్కువ వేయలేరు. ఆ తర్వాత గిన్నె ఎత్తి వార్చబోకండి. దానికి అంచు తప్ప పట్టు ఉండదు, సిబ్బి కుదరదు. మసిగుడ్డ జారి నా ఎడమచేతి మణికట్టు మీద గంజి పడింది, మచ్చ ఇప్పటికీ ఉంది. గరిటెతో చిల్లుల గిన్నెలోకి తోడేయడమే మంచిది. కిందికి దిగిన గంజి అమ్మ ఉప్పు వేసుకుని కొంత తాగేది, మిగతాది నాన్నగారి పొందూరు పంచెలకి పెట్టేది. ఆ తరం వాళ్లకి అన్నంతో పాటు గంజి కూడా కావాలి, మనం అన్నం గురించే ఆలోచిస్తాం. ముందు ఒక పూట అత్తగారికి అత్తెసరు అని చెప్పి పెట్టి చూడండి. కుక్కరన్నం అంటే వద్దంటారు, అత్తెసరంటే తినొచ్చు. మా అమ్మ విషయంలో పనిచేసింది మరి.

పొద్దున్న వండి రాత్రి దాకా వార్మ్‌లో పెట్టడం నేనైతే చేయను. నాలుగైదు గంటలు పర్వాలేదు, ఆ తర్వాత అడుగు ఎండి పసుపు రంగుకొస్తుంది, ఒకలాంటి వాసన. అంతకన్నా ప్రమాదం, మధ్యలో కరెంటు పోయి అన్నం గోరువెచ్చగా మిగిలిపోవడం. ఉడికినా చావని బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి విత్తులు అన్నంలో ఉంటాయి, 60 డిగ్రీల కిందికి దిగిన గోరువెచ్చని అన్నంలో అవి పెరుగుతాయి. మే నెలలో ఒకసారి బడి నుంచి వచ్చి మూత తీస్తే అన్నం మీద జిగురు, తీగలు సాగింది. రాత్రికి మళ్లీ వండుకోండి. గ్లాసు బియ్యానికి అరగంట, 700 వాట్ల లెక్కన యూనిట్‌లో మూడోవంతు కరెంటు, అంతే. లేదంటే మిగిలిన అన్నం త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. ఇంకో మాట, ఇది మూడు ఆంపియర్ల సామాను, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కే పెట్టండి. మిక్సీ, కెటిల్‌తో కలిపి ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద వద్దు.

మీరు కొన్నది ఏ బియ్యమో, ఎన్ని నెలల పాతవో, గ్లాసుకి ఎన్ని నీళ్లు పోస్తున్నారో రాయండి. మీ ఇంటి లెక్క ఎక్కడ తప్పుతోందో చూద్దాం.